అభిప్రాయ సేకరణమా? అంగీకార సేకరణమా?

దినపత్రికల లోపలి పుటలలో, వేలము ప్రకటనలకును టెండరు ప్రకటనలకును నడుమ, అప్పుడప్పుడు ఒక చిన్న ప్రకటన కానవచ్చుచుండును. ఫలానా మండలములోని ఫలానా గ్రామ సమీపమున ఇన్ని మెగావాట్ల విద్యుత్కేంద్రమును ఫలానా సంస్థ నెలకొల్పదలచినదనియు, దానివలన పరిసరములకు కలుగు మార్పులను గూర్చి ప్రజల అభిప్రాయములను ఫలానా తేదీన ఉదయము పదకొండు గంటలకు సేకరింతురనియు అందుండును. అక్షరములు సన్నవి. భాష కాలుష్య నియంత్రణ మండలివారిది. చదువరులలో పెక్కుమంది దానిని దాటి సినిమా పుటకు పోవుదురు. ఆ గ్రామములో నున్నవారికి మాత్రము అది ఇంటికి వచ్చిన తాఖీదు వంటిది.

ఈ ప్రకటన వెనుక ఒక మంచి ఉద్దేశము కలదు. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టము క్రింద 1994 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఒక ఉత్తరువు వెలువరించి, పెద్ద పరిశ్రమలు తమవలన నేలకు, నీటికి, గాలికి కలుగు ప్రభావమును ముందుగా మదింపు చేసి చూపవలెనని విధించినది. 1997లో దానికి బహిరంగ విచారణను చేర్చిరి. 2006 సెప్టెంబరు 14న వచ్చిన మరియొక ఉత్తరువు, నడుమ నడుమ సవరణలతో, నేటికిని అమలులో నున్నది. దాని ప్రకారము సభకు ముప్పది దినములు ముందుగా నోటీసు ఇయ్యవలెను. జిల్లా కలెక్టరుగాని, అదనపు జిల్లా మేజిస్ట్రేటుకు తక్కువ కాని ఆయన ప్రతినిధిగాని అధ్యక్షత వహింపవలెను. జరిగినదంతయు వీడియో తీయవలెను. చెప్పిన మాటలను వ్రాసికొని, సభ చివర వాటిని స్థానిక భాషలో చదివి వినిపింపవలెను. కాగితముపై చూచినచో ఇంతకంటె ప్రజాస్వామికమైన ఏర్పాటును కోరుట కష్టము. ఊరివారి మాట వినుటకు కలెక్టరే స్వయముగా ఊరికి వచ్చి కూర్చుండుట మన దేశములో సామాన్య విషయము కాదు.

అయితే అదే ఉత్తరువులో మరికొన్ని సంగతులు కలవు. సభకు కనీసము ఇంతమంది రావలెనన్న నియమము లేదు. వచ్చినవారందరును వలదన్నచో పని ఆగవలెనన్న నియమము అంతకంటె లేదు. ప్రజలు లేవదీసిన సందేహములకు సంస్థ తన తుది నివేదికలో సమాధానము వ్రాసికొనవలెను. ఆ సమాధానము సరియైనదో కాదో ఢిల్లీలోని నిపుణుల సంఘము చూచును. అడిగినవాడు ఆ సంఘము ఎదుట ఉండడు. తన ప్రశ్నకు ఎవరు ఏమి బదులు వ్రాసిరో అతనికి ఇంటికి వచ్చి చెప్పువారును ఉండరు. అనగా చట్టము సేకరణమును విధించినది గాని, పరిగణనమును సంస్థ మనస్సాక్షికిని నిపుణుల తీరికకును వదలిపెట్టినది. ఈ రెండింటికి నడుమనున్న ఎడములోనే గత పాతికేండ్ల కలతలన్నియు పుట్టినవని నా అభిప్రాయము.

మొదట భాష సంగతి చెప్పవలెను, ఏలయన అది సాహిత్యాభిమానులమగు మనకు తగిన సంగతి. పర్యావరణ ప్రభావ నివేదిక అనునది కొన్ని వందల పుటల గ్రంథము. అది ఇంగ్లీషులో నుండును. స్థానిక భాషలో ఉండవలసినది దాని సంగ్రహము మాత్రమే. ఆ సంగ్రహమైనను ఎట్టి తెలుగు! క్రియాపదములు తప్ప తక్కినదంతయు లిపి మార్చుకొన్న ఇంగ్లీషే. బూడిదను బూడిద అనరు, పొగగొట్టమును పొగగొట్టమనరు. చెరువును చెరువనుటకైనను సంకోచింతురు. ‘ఉపరితల జల వనరు’ అందురు. చెరువు ఎండిపోవునా అని అడుగుటకు రైతుకు తెలియును. ఉపరితల జల వనరుపై పడు ఒత్తిడిని గూర్చి అతడేమి అడుగును? 2020లో ఈ ఉత్తరువునకు బదులుగా క్రొత్త ముసాయిదా నొకదానిని కేంద్రము వెలువరించినపుడు, దానిని ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నింటిలోనికి అనువదింపుమని ఢిల్లీ హైకోర్టు చెప్పవలసి వచ్చినది. ప్రజల అభిప్రాయమును కోరుచు వెలువరించిన పత్రమే ప్రజల భాషలలో లేకపోయెను. నోటీసు గడువును ముప్పది దినములనుండి ఇరువదికి తగ్గింపవలెనని ఆ ముసాయిదాలోని ఒక ప్రతిపాదన. ముప్పది దినములలో తెలియని ఇంగ్లీషు ఇరువది దినములలో తెలియునని తలచిరి కాబోలు!

ఇక సభ. ఇట్టి సభను ఒకసారియైనను చూచినవారికి నేను వర్ణింపనక్కరలేదు. చూడనివారి కొరకు రెండు మాటలు. ఒక మైదానములో షామియానా. వేదికపై అధికారులు, వారి ప్రక్కన సంస్థ ప్రతినిధులు. వేదికకును జనమునకును నడుమ కఱ్ఱలతో కట్టిన అడ్డు, దాని వెంబడి పోలీసులు. ముందు వరుసలలో తెల్లవారకముందే వచ్చి కూర్చున్నవారు కొందరు. వారు ఏ ఊరివారో ప్రక్కవారికి తెలియదు. సంస్థ ప్రతినిధి తెరపై పచ్చని చెట్ల బొమ్మలు చూపుచు అరగంట మాటలాడును. పిమ్మట ఒక్కొక్కరికి మూడేసి నిమిషములు. ఊరి పెద్ద లేచి ఉద్యోగముల మాట యెత్తును. ఒక వృద్ధురాలు తన బావిలోని నీటిని గూర్చి మొదలుపెట్టి, మైకు తన కందక, అందిన పిమ్మట మాట మరచి, కన్నీరు పెట్టుకొని కూర్చుండును. వ్రాయసకాడు ఆ కన్నీటిని ఏమని వ్రాసికొనునో నాకు తెలియదు. ‘స్థానికులు నీటి వనరులపై ఆందోళన వ్యక్తము చేసిరి’ అని వ్రాయుననుకొందును. ఎదుటి గడిలో సంస్థ సమాధానము: ‘తగు చర్యలు తీసికొనబడును.’

దీనిని ఎవరి దుర్మార్గమనియు అనలేము. అందరును తమ తమ పని చేసినవారే. కలెక్టరు సభ జరిపెను, మండలివారు వ్రాసికొనిరి, సంస్థ సమాధానము చెప్పెను. అయినను ఆ సభలో వినబడిన దానివలన ఆ కేంద్రము నమూనాలో ఒక్క గీతయైనను మారినదా అని అడుగవలసియున్నది. వినుట జరిగినదో లేదో తెలిసికొనుటకు నాకు తోచిన కొలబద్ద ఇదియొక్కటే. ఈ కొలబద్దతో శ్రీకాకుళము జిల్లాలోని ఒక కథను చూతము.

సోంపేట, కవిటి, కంచిలి మండలముల ప్రాంతమున బీల అనబడు పల్లపు నేల యున్నది. వానకాలమున నిండి, ఎండకాలమునను తడియారని నేల అది. చేపలు పట్టువారికి చేపలు, పశువులకు మేత, దాని తడితో చుట్టుప్రక్కల పొలములకు వరి. ఉద్దానపు కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు దానికి దూరము కావు. ఉద్దానములో మూత్రపిండముల వ్యాధితో ఎన్ని కుటుంబములు కుంగిపోయినవో పాఠకులకు తెలిసినదే. ఆ వ్యాధికి కారణమును గూర్చి పరిశోధకులు ఇంకను వాదించుకొనుచునే యున్నారు. అట్టి చోట నీటిని గూర్చి జనులు భయపడినచో అది మూఢత్వమనుట తగదు.

ఈ బీలలో తొమ్మిదివందల ఎకరములకు పైబడిన నేలను బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రమునకై నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి ప్రభుత్వము కేటాయించినది. కేంద్రము సామర్థ్యము 2640 మెగావాట్లు. ప్రభుత్వపు లెక్కలలో ఆ నేల పనికిరాని భూమి. ఎవరికి పనికిరాని భూమి? చేపలవానికి పనికివచ్చును, గేదెకు పనికివచ్చును, కొంగకు పనికివచ్చును. శిస్తు పుస్తకమునకు మాత్రము పనికిరాదు. మన రెవెన్యూ పదజాలములోని బంజరు, పోరంబోకు అను మాటలను దొరతనమువారు శిస్తు లెక్కలలో వాడుకొనిరి. శిస్తు రాని నేలకు అవి పేర్లు. ఆ పేర్లను పట్టుకొని నేటి పర్యావరణ నివేదికలు వ్రాయుట, పాత గుమాస్తా వ్రాసిన జమాబందిని చూచి వైద్యుడు మందు వ్రాయుట వంటిది.

2009లో విచారణ సభ జరిగినది. జనులు వలదనిరి. సోంపేటలో పర్యావరణ పరిరక్షణ సంఘమొకటి ఏర్పడి, వైద్యులు, రైతులు, మత్స్యకారులు అందులో చేరిరి. కేంద్ర ప్రభుత్వములో విద్యుచ్ఛక్తి శాఖకు కార్యదర్శిగా పనిచేసి విశ్రాంతి గైకొన్న ఇ. ఏ. ఎస్. శర్మగారు చిత్తడినేలల విషయమై ఢిల్లీకి లేఖలపై లేఖలు వ్రాసిరి. విద్యుచ్ఛక్తి మహిమ తెలియనివారు అడ్డుపడుచున్నారను మాట ఆయన విషయమున చెల్లదు గదా! అయినను పర్యావరణానుమతి వచ్చినది. సభలో పలికిన మాటలు సభలోనే నిలిచిపోయినవి.

2010 జూలై 14న సంస్థ పనులు మొదలుపెట్టుటకు పెద్ద పోలీసు బలగముతో బీలకు వచ్చిరి. జనులు అడ్డగించిరి. కాల్పులు జరిగినవి, ప్రాణములు పోయినవి. ఆ దినముననే ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రమునకు ఇచ్చిన అనుమతిని రద్దు చేసెను. తేదీ ఒక్కటే. బీలలో జనులు సంవత్సరమునకు పైగా చెప్పుచు వచ్చినది ఢిల్లీలో చెవిని బడిన దినమును, అదే మాట చెప్పినందుకు వారిపై తుపాకులు ప్రేలిన దినమును ఒక్కటే అయినవి. ఒక్క వారము ముందు ఆ తీర్పు వచ్చియున్నచో అని అనిపించును. కాని నా బాధ వారమును గూర్చినది కాదు. ఆ నేల చిత్తడినేల యని తెలిసికొనుటకు తీర్పు వరకు పోవనక్కరలేదు. పాదరక్షలు విడిచి బీలలో పది అడుగులు నడచిన చాలును. నివేదిక వ్రాసినవారు ఆ పది అడుగులు నడచియుండవలసినది.

విద్యుత్కేంద్రము అక్కడ రాలేదు. సంస్థ పెట్టిన ధనము పోయినది, కాలము పోయినది, పోయిన ప్రాణములు ఎట్లును రావు. లాభనష్టముల లెక్క తప్ప వేరు లెక్క నెరుగనివారికైనను ఇందులో ఒక పాఠమున్నదని చెప్పుటకే ఈ మాట. ముందే వినియున్నచో వేరు చోటు చూచుకొనియుందురు.

ఇంత జరిగిన పిమ్మట ఏడెనిమిది నెలలకే అదే జిల్లాలో అదే కథ మరల జరిగినది. సంతబొమ్మాళి మండలములోని కాకరాపల్లి వద్ద తంపర నేలలలో ఈస్ట్ కోస్ట్ ఎనర్జీ అను సంస్థ, మరల 2640 మెగావాట్లకే, కేంద్రమును కట్టబూనినది. సమీపమునే తేలినీలాపురము కలదు. ఏటేట గూడబాతులు, ఎఱ్ఱకాళ్ల కొంగలు గుంపులుగా వచ్చి ఆ ఊరి చింతచెట్లపై గూళ్లు కట్టుకొని, పిల్లలను పెంచుకొని పోవును. ఊరివారు వాటిని తోలరు. అవి వచ్చుట ఊరికి శుభమని వారి నమ్మకము. ఆ పక్షులు మేతకు పోవునది ఈ తంపరలకే. 2011 ఫిబ్రవరి 28న వడ్డితాండ్ర వద్ద పోలీసు కాల్పులు జరిగి మరల ప్రాణములు పోయినవి. అటుపిమ్మట కేంద్ర పర్యావరణ శాఖ పనులను నిలిపివేయుమని ఆదేశించెను. ముందుగా వినవలసిన మాటను పిమ్మట వినుట మన పాలకులకు అలవాటైపోయినది.

సంస్థలవారి పక్షమునను చెప్పవలసినది కలదు, చెప్పకపోవుట ధర్మము కాదు. విద్యుత్తు అందరికిని కావలెను. ఈ వ్యాసమును నేను వ్రాయుచున్నది విద్యుద్దీపపు వెలుతురునందే. దీనిని అచ్చువేయు యంత్రమును ఆ శక్తితోనే నడచును. అడ్డుపడువారందరు ఋషులు కారు. భూమి ధర పెంచుకొనుటకు అడ్డుపడువారు, ఎన్నికలు దగ్గరబడినపుడు మాత్రమే పర్యావరణము జ్ఞప్తికి వచ్చువారు ఉందురు. ‘బయటివారు వచ్చి జనులను రెచ్చగొట్టుచున్నారు’ అని సంస్థలు తరచు మొరపెట్టుకొనును. ఇందులో కొంత నిజమున్నను, బయటివారు ఏల రావలసివచ్చినదో ఆలోచింపవలెను. నాలుగువందల పుటల ఇంగ్లీషు నివేదికను చదివి చెప్పువాడు ఊరిలో లేనపుడు బయటినుండియే రావలెను. సభలో మాటలాడుట స్థానికులకు ఉద్దేశించినదైనను, న్యాయముగా సంబంధము గల ఇతరులు వ్రాతపూర్వకముగా తమ అభిప్రాయములను పంపవచ్చునని ఆ ఉత్తరువే చెప్పుచున్నది. మరి, నివేదికను వ్రాసిన సలహాదారు మాత్రము ఏ ఊరివాడు? అతనికి వేతనమిచ్చువారెవరు? సంస్థయే. పరీక్ష వ్రాయువాడే పరీక్షకునికి జీతమిచ్చు పద్ధతి మరే విద్యలోను లేదు.

సంస్థలు జనులతో మెలగు మరియొక పద్ధతి కలదు. దీనిని గూర్చి మాటలాడునపుడు జాగ్రత్తగా మాటలాడవలెను, ఏలయన అందు నిజమైన మేలును కలదు. 2013 నాటి కంపెనీల చట్టము ప్రకారము ఒక స్థాయికి మించిన సంస్థలు తమ సగటు లాభములో నూటికి రెండు పాళ్లు సాంఘిక బాధ్యత క్రింద వ్యయింపవలెను. దానితో ఊరికి మంచినీటి యంత్రము వచ్చును, బడికి గదులు వచ్చును, కంటి వైద్య శిబిరములు జరుగును. ఆ గదులలో చదువుకొని పైకి వచ్చు పిల్లలు ఉందురు. వారి యెదుట ఈ వితరణను ఎగతాళి చేయుటకు నాకు నోరు రాదు. (బస్సు ఆగుచోట కట్టించిన గుడిసెపై ఊరి పేరుకంటె సంస్థ పేరు పెద్ద అక్షరములతో నుండుటను మాత్రము కొంచెము ఎగతాళి చేయవచ్చును.) కాని దానము వేరు, సమాధానము వేరు. ‘మా బావి నీరు ఉప్పగిలుచున్నది, కారణమేమి?’ అని అడిగినవానికి ఒక బిందె మంచినీరు ఇచ్చినచో దాహము తీరును; ప్రశ్న తీరదు. రానురాను, బిందె పుచ్చుకొన్నవాడు ప్రశ్న అడుగుటకు మొగమాటపడును. సంస్థల పుస్తకములలో ఈ మొగమాటమునకు ‘సత్సంబంధములు’ అని పేరు.

గోదావరి పాయల నడుమనున్న కోనసీమలో ఈ సంబంధములు దీర్ఘకాలముగా నున్నవి. కొబ్బరి తోటల నడుమ చమురు సహజవాయు సంస్థవారి బావులు, వాయువును మోసికొనిపోవు గొట్టములు. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద బావి పేలి మంట లేచినది. ఆ మంటను ఆర్పుటకు రెండు నెలలకు పైగా పట్టినది. చుట్టుప్రక్కల ఊళ్లు ఖాళీ చేసి జనులు శిబిరములలో తలదాచుకొనిరి. ఆ రాత్రుల వెలుగును ఆ ప్రాంతపు పెద్దలు నేటికిని చెప్పుకొందురు. పంతొమ్మిదేండ్ల పిమ్మట, 2014 జూన్ 27 వేకువన, నగరము గ్రామములో గెయిల్ సంస్థవారి గొట్టము పేలి ఇరువది మందికి పైగా మరణించిరి. ఇండ్లలో నిద్రించుచున్నవారు, పొయ్యి రాజేసికొన్నవారు, టీ కొట్టువద్దకు వచ్చినవారు. పొడివాయువునకై ఉద్దేశించిన గొట్టములో తడివాయువును పంపుట వలన అది లోపలినుండి తుప్పు పట్టినదని దర్యాప్తులలో తేలినది. వాసన వచ్చుచున్నదని తాము ముందే మొరపెట్టుకొంటిమని గ్రామస్థులు పిమ్మట చెప్పిరి.

నగరము దుర్ఘటనను నేనిక్కడ తెచ్చుటకు కారణము వేరు. అనుమతికి ముందు జరుగు ఒక్క దినపు సభయే సంప్రదింపు అనుకొనుట మనలో పాతుకొనిపోయినది. కేంద్రము ముప్పది నలుబది యేండ్లు నడచును. గొట్టము అంతకాలమును భూమిలో పడియుండును. ఆ కాలమంతయు దాని ప్రక్కన నుండువాడు ఊరివాడు. గొట్టమునకు మొదటి కాపరి అతని ముక్కే. వాసన వచ్చినపుడు ఎవరితో చెప్పవలెను, చెప్పిన ఎన్ని గంటలలో మనిషి రావలెను, రానిచో ఎవరు జవాబుదారి? ఇవి చిన్న ప్రశ్నలు. వీటికి సమాధానము చెప్పలేని సంస్థ ఎన్ని వైద్య శిబిరములు నడపినను ఆ ఊరితో మాటలాడినట్లు కాదు.

న్యాయస్థానములు ఈ సభల తీరును గమనింపకపోలేదు. మన పొరుగునున్న ఛత్తీస్‌గఢ్‌లో, రాయగఢ్ జిల్లాలోని గారె బొగ్గుగని విషయమై 2008 జనవరిలో విచారణ సభ జరిగినది. అది జిందాల్ సంస్థవారి గని. సభలో లాఠీచార్జీ జరిగి జనులు గాయపడిరి. అయినను అనుమతి వచ్చినది. 2012లో జాతీయ హరిత న్యాయస్థానము, ఆ సభ సభయే కాదని తలచి అనుమతిని కొట్టివేసినది. ఆ వ్యాజ్యమునకు తోడ్పడిన రమేశ్ అగ్రవాల్ అను కార్యకర్తపై ఆ యేడే దుండగులు తుపాకి ప్రేల్చిరి. 2014లో ఆయనకు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమానము వచ్చినది. నాలుగేండ్లకు లభించిన న్యాయము న్యాయమే. కాని సభను సరిగా జరుపుటకు పట్టునది నాలుగు గంటలు.

సరిగా జరిగిన సభ ఎట్లుండునో ఎక్కడనైనను కనబడునా అని అడుగవచ్చును. ఒక ఉదాహరణము చెప్పెదను. అది దూరదేశమునుండి తెచ్చినదని పాఠకులు విసుగుకొనకుందురుగాక. డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్ ఎదుట సముద్రములో, మిడెల్‌గ్రుండెన్ అను మిట్టపై, గాలిమరలు నిలిపి విద్యుత్తు తీయవలెనని 1990 తరువాతి సంవత్సరములలో తలపెట్టిరి. మొదటి నమూనాలో ఇరువదియేడు మరలు, మూడు వరుసలు. నగరవాసులను అడిగిరి. తీరమునుండి చూచుటకు ఆ మూడు వరుసలు అడవివలె అడ్డము వచ్చి వికారముగా నుండునని అభ్యంతరములు వచ్చినవి. అప్పుడు నమూనాను మార్చిరి. ఇరువది మరలు, ఒకే వరుస, అదియు విల్లువలె వంపు తిరిగి. మరలను తగ్గించుకొనిరి, వరుసను వంచిరి. ప్రజల మాట ఆ సముద్రముమీద నేటికిని కంటికి కనబడుచున్నది. నలుబది మెగావాట్ల ఆ కేంద్రములో సగము నగరపు విద్యుత్సంస్థది, సగము ఎనిమిదివేలకు పైబడిన సభ్యులు గల సహకార సంఘముది. తమకు భాగమున్న మర చప్పుడు చేసినను చెవికి అంత కటువుగా నుండదేమో!

డెన్మార్కు చిన్న దేశము, ధనిక దేశము. మనతో పోల్చుట సరికాదని అందురు. ధనము సంగతి సరే. కాని గీసిన గీతను చెరిపి మరల గీయుటకు ధనమక్కరలేదు, పెన్సిలు కావలెను. అక్కడ సభ జరిగినది గీత సిరాతో గట్టిపడకముందు. మనకడ భూమి కేటాయింపు ముందు, ఒప్పందము ముందు, శంకుస్థాపన మాటలు ముందు; అభిప్రాయ సేకరణము కడపట. తాళి కట్టిన పిమ్మట జాతకములు చూచినట్లు.

గాలి, ఎండ అనునవి బొగ్గువలె మసి లేనివి కదా, వాటితో ఈ చిక్కులుండవని పలువురు భావింతురు. మసి లేదు, నిజమే. అందుచేతనే 2006 నాటి ఉత్తరువు అనుబంధములో సౌర ఫలకముల కేంద్రములకును గాలిమరలకును చోటు లేదు. చోటు లేదు గనుక వాటికి విచారణ సభయు లేదు. కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు వైపు వేయి మెగావాట్ల సౌరకేంద్రమును కట్టినపుడు, అనంతపురపు మెట్టలలో ఎన్.పి. కుంట వద్ద మరియొకటి కట్టినపుడు, అక్కడి జనులను ఈ ఉత్తరువు క్రింద అడుగవలసిన పని ఎవరికిని లేకపోయెను. వేలకొలది ఎకరములు ఫలకములతో నిండినవి. ఆ నేలలును రికార్డులలో చాలవరకు పనికిరానివే. అక్కడ గొఱ్ఱెలు మేసెడివి. గొఱ్ఱెలు మేయు నేలకు రికార్డులో గడి లేదు. సోంపేట బీలలో చెల్లని మాట మెట్టనేలలలో చెల్లుబాటు అగుచున్నది, ఏలయన మెట్టలో కొంగలు లేవు, వార్తలు లేవు. రానున్న దినములలో విద్యుత్సంస్థ అనగా చాలవరకు ఈ క్రొత్త సంస్థలే. వారికి పాత సంస్థలకున్న నామమాత్రపు నిర్బంధమైనను లేదు. ఇది నాకు బొగ్గు పొగకంటె ఎక్కువ కలవరము కలిగించుచున్నది.

ఏమి చేయవలెనని నన్నడుగుదురు. నేను ఇంజనీరును కాను, శాసనసభ్యుడను కాను; అయినను కొన్ని కోరికలు పత్రికాముఖమున పెట్టుట పౌరునికి తగును. నివేదిక పూర్తిగా తెలుగులో రావలెను, చెరువును చెరువనియే అనవలెను. దానిని వ్రాయు సలహాదారును ఎన్నుకొని వేతనమిచ్చుట సంస్థ చేతిలో నుండరాదు. సంస్థ ధనమును ప్రభుత్వమునకు కట్టినచో ప్రభుత్వమే ఎన్నుకొనవచ్చును. విచారణ సభ భూమి కేటాయింపుకంటె ముందు జరుగవలెను. ఎండ, గాలి సంస్థలకును ఇది వర్తింపవలెను. ఇవన్నియు ప్రభుత్వము చేయవలసినవి. ప్రభుత్వము తన తీరికను బట్టి చేయును, చేయకపోవచ్చును.

ఏ చట్టమును మార్చకయే ఏ సంస్థయైనను రేపటినుండి చేయదగినది ఒకటి కలదు. సభ జరిగిన మూడు నెలలకు అదే ఊరికి, అదే షామియానా క్రిందికి, ఈసారి పోలీసులు లేకుండ తిరిగి రావలెను. ఆ దినమున అడిగిన ప్రశ్నలను ఒక్కొక్కటిగా చదివి, ఇందులకై మా నమూనాలో ఇది మార్చితిమి, దీనిని మార్చలేకపోతిమి, కారణమిది అని తెలుగులో చెప్పవలెను. చెప్పినదానిని అచ్చువేసి పంచాయతీ గోడకు అంటింపవలెను. మూడు నిమిషములలో మాట మరచి కూర్చున్న ఆ వృద్ధురాలి బావి సంగతియు ఆ జాబితాలో ఉండవలెను.